కండక్టరు అరపన్ను

బల్లమీద పదకొండు ఫొటోలు పరిచి కూర్చున్నాడు స్టూడియో ఆయన. పదకొండింటిలోనూ ఒకే మనిషి. మీసం మొలిచీ మొలవని వయసు నుంచి చెంపలు నెరిసిన వయసు దాకా ముఖం మారింది, చొక్కా మారింది, నుదురు వెడల్పయింది. మూతి మాత్రం మారలేదు. గడియ వేసిన తలుపులా పదకొండుసార్లూ పెదాలు బిగిసే ఉన్నాయి.

ఆ మనిషి అతని చిన్ననాటి స్నేహితుడు. ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బల్ల. పెద్దయ్యాక ఆ స్నేహితుడు బస్సు కండక్టరయ్యాడు. ఇతను ఫొటోలు తీస్తూ ఈ గదిలో స్థిరపడ్డాడు. మూడు వారాల కిందట ఒక మధ్యాహ్నం కండక్టరు డ్యూటీ దిగి, డిపో మెట్లమీద కూర్చుని, బూటు తాడు విప్పుకుంటూ విప్పుకుంటూనే వెనక్కి వాలిపోయాడు. మళ్ళీ లేవలేదు.

రేపు డిపోలో సంతాపసభ. నిన్న కండక్టరు భార్య వచ్చి అడిగింది: “సభలో పెట్టడానికి పెద్ద ఫొటో కావాలన్నయ్యా. ఫోనుల్లో ఉన్నవన్నీ చిన్నవి, మసగ్గా ఉన్నాయి. ఆయన నవ్వుతున్నది నీ దగ్గరైనా ఒక్కటి ఉందేమో చూడు. మూతి ముడుచుకున్నది పెడితే ఆయనకే నచ్చదు.”

“చూస్తానమ్మా” అన్నాడు. చూడకుండానే తెలుసు, లేదని. ఎందుకు లేదో కూడా తెలుసు.

ఐదో తరగతి. బడి ఆవరణలో సిమెంటు తొట్టి, తొట్టిమీద ఇనుప కుళాయి. విరామం గంట మోగితే అందరి పరుగూ అటే. ముందున్న స్నేహితుడు కుళాయి కింద నోరు పెట్టి ఎంతకీ లేవడం లేదు. వెనక నిలబడ్డ ఇతను సగం దాహంతో, సగం అల్లరితో ఆ తలను ఒక్క తోపు తోశాడు. టక్కుమంది. తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. పైవరసలో ముందుపన్ను ఏటవాలుగా సగానికి విరిగింది. మాస్టారు బెత్తం పట్టుకుని వచ్చి “ఎవర్రా తోసింది?” అంటే, నెత్తుటి నోటితోనే వాడు “ఎవరూ తోయలేదండీ, నేనే జారాను” అన్నాడు. ఇతను నోరు విప్పలేదు. ఆ రోజు ఒకడికి పన్ను పోయింది, ఒకడికి మాట పోయింది.

పోయిన మాట నలభై మూడేళ్ళయినా తిరిగి రాలేదు. సెలవు దొరికిన ప్రతి వారమూ కండక్టరు స్టూడియోకు వచ్చేవాడు. “ఏరా ముని, తపస్సు ఎంతదాకా వచ్చింది?” అంటూ స్టూలు లాక్కుని కూర్చునేవాడు. ఇతను గదికీ వీధికీ మధ్య గుమ్మం దాటని మనిషి కాబట్టి వచ్చేది ఎప్పుడూ అతనే, మాట్లాడేదీ అతనే. నవ్వు వస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. కెమెరా ముందు కూర్చుంటే పెదాలు మూసుకునేవాడు. ఆ చెయ్యి లేచినప్పుడల్లా ఇతని గుండెలో ఇనుప కుళాయి టక్కుమనేది. ఎదుటివాడు ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు, అనకపోవడమే బరువు. ‘వచ్చే వారం అడుగుతాను, నన్ను క్షమించరా అని’ అనుకునేవాడు. వారాలు వెళ్ళాయి. ఇప్పుడు అడుగుదామంటే మనిషే వెళ్ళిపోయాడు.

వాడి నవ్వు మింగేసింది నేను, వాడి భార్యకు ఏ ముఖంతో చెప్పను? అదొక్కటే పొద్దుటినుంచీ అతన్ని తొలుస్తున్న ప్రశ్న. జవాబు దొరక్క, చేతిలో ఉన్న విద్యనే నమ్ముకున్నాడు. పదకొండో ఫొటోను కంప్యూటరు తెరమీదికి ఎక్కించాడు. పెదాలను కాస్త విడదీశాడు, చెంపల్ని కాస్త పైకెత్తాడు. మరి లోపల పెట్టడానికి పళ్ళు? వీధి చివర పళ్ళ డాక్టరు తన బోర్డుకోసం పోయిన నెలే చెవినుంచి చెవికి నవ్వుతూ ఫొటో దిగాడు. ఆ పళ్ళు తెచ్చి ఈ నోట్లో అమర్చాడు. నీడలు సరిచేశాడు, అతుకులు చెరిపేశాడు. నలభై మూడేళ్ళ కిందట విరిచిన పన్నును ఈనాటికి అతికించినట్టయింది. కానీ ఎంతసేపు చూసినా గుండె తేలికపడలేదు.

పదింటికి కండక్టరు భార్యా, కూతురూ వచ్చారు. కూతురు ముందుగా తెర చూసింది. కళ్ళు చిట్లించింది.

“మావయ్యా, ఎవరిదో పెట్టినట్టున్నావు.”

“సరిగ్గా చూడమ్మా.”

తల్లి కళ్ళజోడు పెట్టుకుని వంగింది. “చొక్కా ఆయనదే. మీసం ఆయనదే. ఆ నోరెవరిది అన్నయ్యా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి తన మూతిమీదికే వెళ్ళింది. “వీధి చివర పళ్ళ డాక్టరుగారిది” అన్నాడు.

కూతురు కిసుక్కుమంది. తల్లి ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. మూడు వారాల తరవాత మొదటిసారి నవ్వింది, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

“ఆ డాక్టరు దగ్గరికి పదండి మహాప్రభో అంటే, చచ్చినా ఆ గుమ్మం తొక్కనన్నారు. చచ్చాక తొక్కించావు గదా అన్నయ్యా!”

“అది సరే, నాన్న పన్నేది? అరపన్ను?” అంది కూతురు. “అది లేకపోతే డిపోలో ఎవరూ గుర్తుపట్టరు. వేరెవరి సభకో వచ్చామని లేచి వెళ్ళిపోతారు.”

ఇక దాచడం అతనివల్ల కాలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, నేలవైపు చూస్తూ అన్నాడు: “ఆ పన్ను విరగ్గొట్టింది నేనేనమ్మా. వాడు జారలేదు. కుళాయి దగ్గర నేను తోశాను. దానివల్లే నా ఫొటోల్లో వాడు ఒక్కసారీ నవ్వలేదు.”

“తెలుసు” అంది ఆమె.

“తెలుసా?”

“నాకేంటి, ఆ బస్సెక్కిన వాళ్ళందరికీ తెలుసు. ఆయన నోట్లో నువ్వుగింజ నానేదా? టిక్కెట్టుకు చెయ్యి చాపినవాళ్ళకల్లా చెప్పేవారు. ‘ఇది మా ముని పెట్టిన భిక్ష. పెద్ద ఫొటోగ్రాఫరు. వాడు తోయకపోతే నాకీ ఈల ఎక్కడిది?’ అని.”

“ఈలా?”

తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “అయ్యో మావయ్యా, నువ్వెప్పుడూ నాన్న బస్సెక్కలేదా?” అంటూ కూతురు ఫోను తీసింది.

చిన్న తెరమీద బస్సు తలుపు. ఫుట్‌బోర్డుమీద కండక్టరు, చంకలో సంచి, జేబులోంచి వేలాడుతున్న ప్లాస్టిక్ విజిలు. అది ఆయన ముట్టుకోలేదు. వెనక్కి చూశాడు, అందరూ ఎక్కారని తల ఊపాడు, నాలుకను ఆ అరపన్ను సందుకు ఆనించాడు. సన్నగా మొదలై నిటారుగా పైకి లేచిన ఈల స్టూడియో గోడల్ని తాకి తిరిగి వచ్చింది. బస్సు కదిలింది. కండక్టరు ఫోనువైపు తిరిగి నోరారా నవ్వాడు. ఆ పక్కన తెల్లటి పళ్ళూ, ఈ పక్కన తెల్లటి పళ్ళూ, నడుమ ఓరగా తెరిచిన కిటికీలాంటి ఖాళీ.

“డిపోలో ఆయన పేరు ఈలన్న” అంది భార్య. “కొత్తగా వచ్చిన డ్రైవర్లకు అసలు పేరే తెలీదు.”

“మరి నా దగ్గర... నా దగ్గర ఎందుకమ్మా మూసుకునేవాడు?”

“నేనూ అడిగాను. ఊరందరి ముందూ ఇకిలిస్తారు, మీ ముని దగ్గరికెళ్తే మాత్రం మూతి కుట్టేసుకుంటారేం అని. ‘నా పన్ను చూస్తే వాడు కుమిలిపోతాడే. కందకు లేని దురద కత్తిపీటకెందుకో అర్థం కాదు. పైగా నేను నవ్వితే వాడి చెయ్యి వణుకుతుంది. మొదటి ఫొటోలో నవ్వాను, నాకు రెండు ముక్కులొచ్చాయి’ అనేవారు.”

అతను లేచాడు. బీరువా అడుగు అరలోంచి పాత కాగితం కవరు తీశాడు. పనికిరావని పక్కన పడేసిన నెగటివులు అందులో ఉన్నాయి. ఒక్కొక్కటే ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తూ నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు. పదిహేడేళ్ళ ముఖం. చెయ్యి కదిలి తీసింది కాబట్టి రెండు ముక్కులు, రెండు నోళ్ళు. నెగటివులో వెలుగు చీకటవుతుంది, చీకటి వెలుగవుతుంది. పళ్ళన్నీ నల్లగా ఉన్నాయి, విరిగినచోటు మాత్రం తళుక్కున తెల్లగా ఉంది. వాడు నవ్వాడు. తన ఎదుటే, తన కెమెరాకే, అడక్కుండానే నవ్వాడు. చెయ్యి వణికింది తనకు. చెడిపోయిందని పారేసింది తను.

“అంటే వాడు నా కోసం...”

“నువ్వు ఆయనకోసం బాధపడ్డావు, ఆయన నీ బాధ చూడలేక నోరు మూసుకున్నారు. ఒక్క మాట అనుకుంటే పోయేది. ఇద్దరూ ఇద్దరే!” అంది ఆమె, విసుగూ ప్రేమా కలిసిన గొంతుతో.

ఎన్నేళ్ళుగానో బిగిసిపోయిన కుళాయి ఎవరో తిప్పినట్టు అతనికి కళ్ళనీళ్ళు వచ్చాయి. దుఃఖమే, కాని తేలికైన దుఃఖం. బరువు దించుకున్న కూలీ భుజం విదిలించుకున్నట్టు ఒకసారి భుజాలు కదిపాడు. ఊపిరి అడుగుదాకా వెళ్ళి వచ్చింది. “రెండు ముక్కులా! దొంగవెధవ, నాతో ఒక్కసారి అనలేదే!” అని నవ్వాడు.

పళ్ళ డాక్టరుగారి నవ్వును చెరిపేశాడు. కూతురి ఫోనులోంచి ఆ చివరి నవ్వును తెరమీదికి తెచ్చాడు. మసకను కొంత పోగొట్టాడు, బస్సు తలుపు నీడను తగ్గించాడు, చొక్కామీది దుమ్ము తుడిచాడు. బాణం గుర్తు మెల్లగా పెదాల దగ్గరికి జరిగింది.

“పన్ను ముట్టుకోకన్నయ్యా!” అంది కండక్టరు భార్య కంగారుగా.

“ముట్టుకోనమ్మా” అన్నాడు, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. “ఒకసారి ముట్టుకున్నాను. చాలు.”