ఉత్తుత్తి పేషెంటు

చీటీ పోయింది మంగళవారం పొద్దున. ఆ సంగతి తెలిసేసరికి ఉత్తుత్తి పేషెంటు మంచమెక్కి, దుప్పటి నడుం దాకా లాక్కుని, మూలగడానికి గొంతు సవరించుకుంటున్నాడు. అలవాటుగా చొక్కా జేబు తడిమాడు. కళ్ళజోడు ఉంది, రుమాలు ఉంది, నిన్నటి బస్సు టికెట్టు కూడా ఉంది. చీటీ మాత్రం లేదు.

మంచమెక్కాకే దాన్ని చదవడం అలవాటు కనక, చీటీ లేకపోతే తనకి ఏం జబ్బో తనకే తెలియదు.

ఆ మంచం ఉన్న హాలు ఆసుపత్రి వెనక, బట్టలుతికే గదుల మీద ఉంది. రోగుల మీద, వైద్యం మీద, ఇళ్ళలో ముసలివాళ్ళని చూసుకునే పద్ధతుల మీద పరిశోధనలు చేయబోయేవాళ్ళకి అక్కడ పని నేర్పుతారు. నర్సులు వస్తారు, ఇంటింటికీ తిరిగి వృద్ధులకి సేవ చేసేవాళ్ళు వస్తారు. వాళ్ళు నేర్వవలసిన వాటిలో మొదటిదీ, కష్టమైనదీ ఒప్పుకోలు తీసుకోవడం. ఏం చేయబోతున్నారో, దానివల్ల మంచేమిటో చెడేమిటో చెప్పాలి. వద్దనుకుంటే వద్దనవచ్చనీ, వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగదనీ చెప్పాలి. అవతలి మనిషికి అర్థమైందని తెలిశాకే సంతకం అడగాలి. ఇదంతా నిజం రోగుల మీద నేర్చుకుంటే బాగుండదు కనక ఒక ఉత్తుత్తి రోగిని పెట్టుకున్నారు. ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. ప్రతి మంగళవారం ట్రైనింగు మేడం ఒక గులాబీరంగు చీటీ ఇస్తుంది. ఎంత వయసో, ఏం జబ్బో, దేనికి భయపడాలో, ఏ మాట వింటే బిగుసుకుపోవాలో అందులో రాసి ఉంటుంది. మిగిలినదంతా ఆయన సొంత కవిత్వం.

ఈ ఐదు నెలల్లో ఆ కవిత్వం చాలామందిని ఏడిపించింది. నెత్తిమీద కళ్ళజోడు పెట్టుకుని, కళ్ళజోడు లేకుండా ఎలా చదివేదంటూ ఒక నర్సు చేత మంచం కింద వెతికించాడు. “ఈ పరిశోధనలో కిటికీ పక్క సీటు ఇస్తారా?” అని ఇంకొకరిని అడిగాడు. వాళ్ళు మేడంని అడిగి చెబుతామన్నారు. అన్నిటికంటే పెద్ద అల్లరి సంతకాలతో చేశాడు. అర్థంకాని మాటలు గడగడా చదివేసి పెన్ను చేతిలో పెట్టేవాళ్ళ కాగితాల మీద, మెలికలు తిప్పి, కింద గీత కూడా గీసి, “చిల్లర లేదు” అని సంతకం పెట్టేవాడు. పదకొండుమంది ఆ కాగితాలని భద్రంగా ఫైలులో పెట్టుకున్నారు. పన్నెండో కాగితం దగ్గర మేడం కనిపెట్టింది. క్లాసంతటికీ ఎత్తి చూపించి, “పెట్టింది సంతకమో కాదో కూడా చూడలేదంటే, పెట్టినవాడి మొహమేం చూసుంటారు?” అంది. క్లాసు తలలు దించుకుంది. ఉత్తుత్తి పేషెంటు దుప్పటి కప్పుకుని నవ్వాడు.

కానీ ఆ మాట ఆయనకీ తగిలింది. దానికి కారణం ఆయన ఇంట్లో, బీరువాలో, భార్య కళ్ళజోడు డబ్బాలో నాలుగు మడతలు పెట్టి ఉంది.

పోయిన ఏడు ఇదే ఆసుపత్రి రెండో అంతస్తులో ఆయన భార్య ఆయాసంతో పడుకుని ఉన్నప్పుడు తెల్లకోటు అమ్మాయి ఒకతి వచ్చింది. “అంకుల్, పరిశోధన కోసం, ఇక్కడో సంతకం” అంది. ఆయన పెట్టాడు. కదిలే బస్సులో టికెట్టు చింపినంతసేపు కూడా పట్టలేదు. మూడు చిన్న సీసాల రక్తం తీసుకుని, కాగితం నకలు ఒకటి ఇచ్చి వెళ్ళిపోయారు. తొమ్మిదో రోజున భార్య పోయింది. ఆ సంతకానికీ ఆ చావుకీ సంబంధం లేదని డాక్టర్లు చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు. ఆయన అడిగితే కదా చెప్పడానికి. దేనికి ఒప్పుకున్నాడో ఆ కాగితంలో ఉంది. ఆయన చదవలేదు.

ఆ కాగితం సంగతి ఇంకొకరికే తెలుసు. కింద ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే మరదలు, అంటే భార్యకి సొంత చెల్లెలు. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్న బావని ఈ పనిలో పెట్టించింది ఆవిడే. వారానికోసారి రిజిస్టరు ముందుకి తోసి అడుగుతుంది.

“ఏం బావా, ఇవాళ ఏం రోగం?”

“నీ మొహం చూశాక కొత్తది ఎక్కడ అంటుకుంటుంది?”

“కాగితం చదివావా?”

“అద్దాలు మార్చాలే.”

“ఐదు నెలల్నుంచీ మార్చాలనే అంటున్నావు. ఈలోగా కొత్త కళ్ళే మొలిచుండేవి.”

ఆ మంగళవారం పొద్దున కూడా ఇదే నడిచింది. ఆవిడ టీ ఇచ్చింది, ఆయన తాగాడు, పైకొచ్చి మంచమెక్కాడు. చీటీ లేదు.

మేడంతో చెప్పే వ్యవధి లేదు. బెంచీల మీద క్లాసు కూర్చుంది. మేడం మార్కుల పుస్తకం తెరిచింది. తలుపు తోసుకుని ఎక్స్‌ప్రెస్ లోపలికొచ్చింది.

ఆ పేరు ఆయన పెట్టిందే. ఇళ్ళకెళ్ళి ముసలివాళ్ళకి స్నానాలు చేయించి మందులు వేసే మనిషి. పదేళ్ళుగా అదే పని. చేతులెంత నెమ్మదో నోరంత వేగం, ఏ స్టాపులోనూ ఆగదు. మొదటి పరీక్షలో ఆమెకి “చిల్లర లేదు” పడింది. రెండోసారి రెండు నిమిషాల్లో మొత్తం అప్పజెప్పి, ఆయన ఆవలిస్తుంటే పెన్ను వేళ్ళ మధ్య దూర్చింది. ఇది మూడోసారి, ఆఖరిసారి. ఇది పోతే పరిశోధన ఉద్యోగం ఇంకొకరికి వెళ్తుంది. మెట్ల దగ్గర కనిపించినప్పుడు బతిమాలింది కూడా.

“బాబాయ్, ఇవాళొక్కరోజు బుద్ధిగా రోగం తెచ్చుకో బాబాయ్.”

“రోగానికి బుద్ధుంటుందా అమ్మాయ్?” అన్నాడు అప్పుడు.

ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ స్టూలు లాక్కుని కూర్చుంది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. వేగం తగ్గించుకోవడానికి ఎవరో చెప్పిన చిట్కా కాబోలు.

“నమస్కారమండీ. ఆయాసం ఉన్నవాళ్ళ మీద మేమొక పరిశోధన చేస్తున్నాం. దాని గురించి చెప్పడానికొచ్చాను. ఇప్పుడు మాట్లాడొచ్చా? ఒంట్లో ఎలా ఉంది?”

ఆయాసం అనగానే ఉత్తుత్తి పేషెంటు ఉత్తుత్తి మూలుగు గొంతులోనే ఆగిపోయింది. చీటీ ఉంటే తనకి యాభై ఎనిమిదేళ్ళనీ, సూదంటే భయమనీ చదువుకునేవాడు. చీటీ లేదు. నోటికి ఏదొస్తే అది వచ్చింది.

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. పేషెంటు నేను కాదమ్మా, మా ఆవిడ.”

బెంచీల మీద కిసుక్కుమన్నారు. మేడం తన దగ్గరున్న చీటీ నకలు చూసుకుని, కనుబొమ్మ ఎత్తింది. ఎక్స్‌ప్రెస్ మాత్రం నవ్వలేదు.

“మరి మంచం మీద మీరున్నారేంటండీ?”

“ఆవిడకి కుర్చీలో కూర్చుంటేనే ఊపిరాడుతుంది. మంచం ఖాళీగా ఉంటే వేరేవాళ్ళకిచ్చేస్తారని కాపలా పడుకున్నాను. సీటు మీద రుమాలు వేసినట్టు.”

ఈసారి హాలంతా నవ్వింది. ఎక్స్‌ప్రెస్ నవ్వు అయిపోయేదాకా ఆగింది. ఆగడం ఆమెకి కొత్త.

“అయితే ఆవిడతోనే మాట్లాడాలి కదండీ నేను?”

“ఆవిడకి ముక్కూ నోరూ మూసి ఆక్సిజన్ పెట్టారు. ఏం మాట్లాడుతుంది? ఆ కాగితం ఇలా తే, నేను పెట్టేస్తాను.”

పెన్ను కోసం చెయ్యి చాచాడు. రెండుసార్లు ఆ చేతిలోనే పెన్ను పెట్టి మునిగింది. ఈసారి పెన్ను వెనక్కి పెట్టుకుంది.

“తెలివిలోనే ఉన్నారా?”

“ఎందుకు లేదు? నా చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నానని వేలు చూపించి మరీ నవ్వింది పొద్దున.”

అన్నాక గానీ ఆయనకి తెలియలేదు ఏమన్నాడో. అది నిజంగా జరిగింది. రెండో అంతస్తులో, తెల్లకోటు అమ్మాయి రావడానికి గంట ముందు. మాస్కు వెనక నవ్వడం వల్ల ఆయాసం వచ్చి, నర్సు ఇద్దర్నీ కోప్పడింది కూడా. గుండీల తప్పు పట్టగలిగిన మనిషి తల ఊపగలదు. ఔననగలదు, కాదనగలదు. తెల్లకోటు అమ్మాయి అడగలేదు. ఆ అమ్మాయిని ఏడాదిగా తిట్టుకుంటున్నాడు. తనూ అడగలేదు.

ఎక్స్‌ప్రెస్ లేచి, గోడ దగ్గరున్న ఖాళీ కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసింది. తన స్టూలు దాని ఎదురుగా జరుపుకుంది. ఆయన వైపు వీపు పెట్టి, ఖాళీ కుర్చీతో మాట్లాడడం మొదలుపెట్టింది.

“అమ్మా, మీరు మాట్లాడక్కర్లేదు. తల ఊపితే చాలు. చేతిలోంచి మూడు చిన్న సీసాల రక్తం తీస్తాం. సూది గుచ్చినప్పుడు నొప్పి పుడుతుంది, ఒకోసారి కమిలిపోతుంది కూడా. దీనివల్ల మీ ఆయాసం తగ్గుతుందని చెప్పలేనమ్మా, తగ్గదు. ముందు ముందు ఇంకెవరికైనా పనికొస్తుందేమో. వద్దంటే ఎవరూ ఏమీ అనరు. మీ మందులు ఆగవు, మీ డాక్టరు మారడు. నేను చెప్పింది అర్థమైందా, లేక నా వాగుడుతో విసిగించానా?”

హాలు నిశ్శబ్దమైంది. ఉత్తుత్తి పేషెంటుకి నిశ్శబ్దం గిట్టదు. గొంతు సన్నగా చేసి, కుర్చీ తరఫున అందుకున్నాడు.

“నువ్వు బాగానే చెప్పావు తల్లీ. ఈ మహానుభావుడి మాట మాత్రం వినకు. చూడకుండా సంతకం పెట్టేసే రకం. పెళ్ళిచూపుల్లో నన్నూ సరిగ్గా చూడలేదు.”

క్లాసు పగలబడి నవ్వింది. మేడం కూడా పుస్తకం అడ్డం పెట్టుకుంది. నవ్వనిది తలుపు దగ్గర నిలబడ్డ మరదలొక్కతే. క్లాసువాళ్ళ టీ గ్లాసులకని వచ్చి ఆగిపోయింది. మహానుభావుడు అనే మాట, ఆ సాగదీయడం, అది అక్కదే.

“సరే అమ్మా,” అంది ఎక్స్‌ప్రెస్, నవ్వులు తగ్గాక. “ఆయన సంగతి వదిలేయండి. మీరేమంటారు?”

ఉత్తుత్తి పేషెంటు సన్న గొంతు మళ్ళీ తెచ్చుకున్నాడు. నోరు తెరిచాడు. ఔననాలి, లేదా కాదనాలి. ఉప్పు తక్కువైతే ఆవిడ ఏమంటుందో తెలుసు. చుట్టాలు చెప్పకుండా వస్తే ఏమంటుందో తెలుసు. ఇంకెవరికో పనికొచ్చే మూడు సీసాల రక్తానికి ఏమంటుంది? ఇస్తాననేదా? అసలే రక్తం లేదని విసుక్కునేదా? రెండూ ఆవిడ గొంతులోనే వినిపించాయి. ఏది నిజమో తేలలేదు.

నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఎక్స్‌ప్రెస్ ఎదురుచూసింది. గోడగడియారం ముల్లు ఒక నిమిషం జరిగింది, ఇంకో నిమిషం జరిగింది.

“తెలీదమ్మా,” అన్నాడు చివరికి, సొంత గొంతుతో.

ఎక్స్‌ప్రెస్ ఇటు తిరిగి ఆయన మొహం చూసింది. పెన్ను మూత పెట్టేసింది.

“తొందరేం లేదండీ. ఇవాళ సంతకం వద్దు. కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. ఇద్దరూ చదువుకోండి. చదవడానికి ఎవరైనా పక్కనుంటే బాగుంటుందంటే నేనొచ్చి చదివిపెడతాను.”

కాగితం దుప్పటి మీద పెట్టి లేచింది. సంతకం గడి ఖాళీగా ఉంది. క్లాసులో ఎవరో “అయ్యో, మళ్ళీ పోయింది” అన్నారు. మేడం పుస్తకంలో రాసుకుని తలెత్తింది.

“పాస్,” అంది. “మార్కులు సంతకానికి కాదు. అందరూ రాసుకోండి.”

ఎక్స్‌ప్రెస్ అక్కడే నిలబడి ఏడ్చింది. ఏడుపు కూడా వేగంగా ముగించి, బాబాయ్ దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది.

“బాబాయ్, అది చీటీలో ఉన్నదేనా?”

“ఇంకెక్కడిది? మేడం ఈమధ్య బాగా రాస్తోంది,” అన్నాడు.

మెట్లు దిగి వచ్చేసరికి ఆఫీసు కౌంటరు వెనక మరదలు కూర్చుని, గులాబీరంగు చీటీతో విసురుకుంటోంది.

“అదెక్కడిదే?”

“నీ జేబులోది. టీ ఇచ్చేటప్పుడు తీశాను. ముప్పై రెండేళ్ళు జేబుదొంగల్ని పట్టానని కోతలు కోస్తావుగా.”

“ఓసి దొంగా! ఆ పిల్ల ఉద్యోగం పోయుంటే?”

ఆవిడ విసురుకోవడం ఆపింది. “అది ఆలోచించలేదు బావా. తప్పే,” అంది. తర్వాత అంది: “ఐదు నెలల్నుంచీ ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ చెప్పావు. నీది ఎప్పుడు చెబుతావో చూద్దామనుకున్నా.”

ఆయన రిజిస్టరు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. ఆవిడ రిజిస్టరు తిప్పి సంతకం చదివింది. సొంత పేరే ఉంది.

“అక్క గొంతు అచ్చం తీశావు,” అంది.

“రాలేదే. చివర్లో రాలేదు.”

మధ్యాహ్నం ఆవిడ సెలవు పెట్టి ఆయనతోపాటు ఇంటికి వచ్చింది. ఆయన బీరువా తెరిచి కళ్ళజోడు డబ్బా తీశాడు. కాగితం నాలుగు మడతలూ విప్పి, బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా ఆ డబ్బానే పైన పెట్టాడు. కింద తన సంతకం ఉంది. చాలా చక్కగా, తప్పులేకుండా ఉంది. దాని పక్కన రోగి సంతకానికి వేరే గడి ఉంది. అది ఖాళీ.

“చదవనా బావా?” అంది మరదలు.

“ఆగు. టీ తాగుదాం.”

టీ తాగారు. చీకటి పడకముందే ఆవిడ వెళ్ళిపోయింది. మర్నాడూ కాగితం బల్ల మీదే ఉంది. మంగళవారం మళ్ళీ వచ్చింది.

“చదివావా?” అని అడిగింది మరదలు.

“మడతలు విప్పానుగా,” అన్నాడు.

కాగితం చదవడం ఇంకా మిగిలే ఉంది.