ఉప్పు చూసే మనిషి

వేగుతున్న ఉల్లిపాయలను కలియబెడుతూనే సాబిర్ తేన్చాడు. పుల్లటి నీళ్లు గొంతుదాకా ఎగదన్నాయి. రొమ్ము నడుమ మంట రేగింది. ముఖం చిట్లించుకుని, పొయ్యిలో కట్టెలు కాస్త వెనక్కి లాగాడు.

అశ్వారావుపేటలో పామాయిల్ తోటల రైతు రాంబాబు ఇంట పెళ్లి. మధ్యాహ్నానికి ఊరంతా భోజనానికి వస్తుంది. ఖమ్మం చివర ఖానాపురం హవేలిలో సాబిర్ ఇల్లెక్కడని అడిగితే పక్క వీధివాళ్లకే తెలియదు. పెళ్లి బిర్యానీ ఎవరితో వండించాలని అడిగితే మాత్రం చాలామంది అతని పేరే చెబుతారు. మనిషికి ఉన్న పేరంతా ఆ చేతిదే.

ఆ పేరు కోసం కడుపును ఎంత ఏడిపించాడో! పరగడుపున టీ, పొయ్యి దగ్గర మళ్లీ టీ, దవడన జర్దా. అందరూ తిని లేచాక అడుగున మిగిలిన నూనె ముద్ద గబగబా మింగి, అక్కడే చాప మీద వాలిపోవడం. మంటెక్కితే ఓ సోడా. దవాఖానాలో డాక్టరమ్మ ఇవన్నీ వద్దని వరసపెట్టి చెబుతుంటే, ఇంక నా బతుకులో మిగిలేదేందమ్మా అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. మసాలా నోట పెట్టొద్దంది. వంటవాడు రుచి చూడకుండా ఎట్లా వండాలో మాత్రం చెప్పలేదు.

అందుకే ఈసారి ఉప్పూ కారం చూడమని భార్య ఖతీజాను వెంట తెచ్చుకున్నాడు. మసాలా ఉడుకు పట్టాక కాస్త తీసి ఆమె అరచేతిలో వేశాడు. ఆమె నాకి చూసి తల వంచుకుంది.

"కారం ఎక్కువైంది. పెరుగు పొయ్యండి."

సాబిర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్ల చేతికి ఈమె నేర్పాలా? తనే ఓ చుక్క నోట వేసుకున్నాడు. మంట వెంటనే లేచింది గాని, కారం తెలియలేదు.

"నాకు చప్పగున్నదేంది?"

"మీ నాలుకకు రుచి పోయి చాన్నాళ్లయింది. మీరు వండింది మన పిల్లలు పెరుగు కలపకుండ తిన్నరా ఎన్నడన్న?"

"మరి చెప్పవైతివి."

"చెప్తే వంట మానేస్తరని భయపడ్డ."

సాబిర్ పెరుగు తెచ్చి పోశాడు. పోయినేడు టేకులపల్లి పెళ్లిలో మంచినీళ్ల కోసం బంతి బంతంతా గోల పెట్టడం గుర్తొచ్చింది. అప్పుడు ఎండ వల్ల అనుకున్నాడు.

మధ్యాహ్నం పెళ్లికొడుకు నాయనమ్మ కళావతమ్మ బోసినోటితో మెల్లగా నములుతూ రెండోసారి పెట్టించుకుంది. రాంబాబు వచ్చి, ఈసారి కమ్మగా కుదిరింది సాబిర్ భాయ్ అని మెచ్చుకున్నాడు. 'ఈసారి' అన్న మాట సాబిర్‌కు గుచ్చుకుంది. మా ఇంటామె చెయ్యి పడింది సార్ అన్నాడు. అంటుంటే ఏడుపొచ్చినంత పనైంది.

బంతులు ముగిశాక సత్తుపల్లి నుంచి వచ్చిన ఒకాయన తమ ఇంటి పెళ్లికి వండాలని అడిగాడు. సాబిర్ ఆయన్ను ఖతీజా దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇగ ఈమెతోనే మాట్లాడండి. నేను మానేసిన."

ఖతీజా ఏదో అనబోయింది. తను ముందు బస్సుకు పోతానని, గిన్నెలు తోమించుకుని నింపాదిగా రమ్మని చెప్పాడు.

వచ్చినాయనకు ఆమె జవాబు చెప్పి తలెత్తేసరికి సాబిర్ గేటు దాటిపోయాడు. ఖాళీ బిర్యానీ గిన్నె మూత మీద, ఎన్నడూ అతని భుజం దిగని గళ్ల తువాలు మడతపెట్టి ఉంది.