నలభై ఒకటో వరుస

"ఆ చివరి లైను ప్రింటులో రాకూడదమ్మా," అన్నారు అప్పటి ప్రిన్సిపాల్‌గారు, నేను మొదటిసారి కంప్యూటర్లో చేసిన కాలేజీ టైంటేబుల్ చూసి. చివరి లైనులో ఉన్నవి నా పొడి అక్షరాలు, రెండంటే రెండు.

అది మా ఆఫీసులో టైపిస్టు అక్క దగ్గర అబ్బిన అలవాటు. తను కొట్టిన ప్రతి కాగితం కింద, ఎడమ మూలన, చిన్నగా తన పొడి అక్షరాలు కొట్టేది. "తప్పొస్తే మనల్నేగా పిలిచి చీవాట్లు పెడతారు? బాగుంటే కూడా మనమేనని తెలియాలి కదే," అనేది. ఆ మిషను టకటకల మధ్య ఆవిడ పక్కన పని నేర్చుకున్న రెండేళ్లూ ఎంత బాగుండేవో! ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ప్రిన్సిపాల్‌గారు చెప్పినట్టే ప్రింటు హద్దు నలభయ్యో వరుస దగ్గర ఆపాను. నా అక్షరాలున్న నలభై ఒకటో వరుస తెరమీద ఉంటుంది, కాగితం మీదికి రాదు. అక్క రిటైరైన రోజు నా టైంటేబుల్ చేతిలోకి తీసుకుని ముందు ఎడమ మూలే చూసింది. అక్కడంతా ఖాళీ. నాకు తల కొట్టేసినట్టయింది.

పద్నాలుగేళ్లు గడిచాయి. మా ఆయన "గళ్లు నింపడమేగా, అదీ ఒక పనేనా?" అంటూనే ఉన్నారు. చుట్టాలొస్తే మా అత్తగారు "ఇల్లంతా మావాడే చూసుకుంటాడు," అంటారు, నేనిచ్చిన టీ తాగుతూ.

నిన్న కొత్త ప్రిన్సిపాల్‌గారు గాభరాగా పిలిచారు. టైంటేబుల్ అనుకుని స్టాఫ్ సెలవుల షీటు ప్రింటు తీయించి, దగ్గరుండి నోటీసు బోర్డులో పెట్టించారు. ఎవరు ఎందుకు సెలవు పెట్టారో పిల్లలందరూ చదివేశారు!

"ఇకమీదట ఎవరేం నొక్కినా టైంటేబుల్ ఒక్కటే ప్రింటవ్వాలమ్మా. తాళం వేసెయ్యి. పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచుకో."

సెలవుల షీటు దాచేశాను. టైంటేబుల్ తప్ప మరేదీ ప్రింటవ్వకుండా చిన్న ప్రోగ్రాం రాశాను. ఇక ప్రింటు హద్దు గీయాలి. అలవాటుగా మౌసు నలభయ్యో వరుస దగ్గర ఆగింది. అక్క చూపు గుర్తొచ్చింది. ఇంకొక్క వరుస కిందికి లాగాను. అక్క పొడి అక్షరాలనే పాస్‌వర్డుగా పెట్టి తాళం వేశాను.

ఈరోజు పొద్దున ప్రిన్సిపాల్‌గారు ప్రింటు తీసి, కళ్లజోడు సర్దుకుని అడిగారు.

"అంతా బాగానే ఉంది గానీ, ఈ కింద మూలన ఇదేమిటమ్మా?"

"నేనండీ," అన్నాను.