పుచ్చని పన్ను

పరీక్షకు నలభై పళ్ళు కావాలి. పుచ్చు ఉండకూడదు, పగులు ఉండకూడదు. ఒక్కో పంటి మీద కొత్తరకం జిగురుతో సిమెంటు ముక్క అంటించి, యంత్రంతో అది ఊడేదాకా నెట్టి, ఎంత బలానికి ఊడిందో రాసుకోవాలి. డెంటల్ కాలేజీలో సింధూరి పీజీ థీసిస్ అదే. ముప్పై ఎనిమిది దొరికాయి. గడువు పదిరోజులే ఉంది.

"రెండు తక్కువెందుకు?" అన్నాడు గైడు కోదండరాం.

"క్లిప్పుల కోసం మంచి పళ్ళు తీయించుకునేవాళ్ళు ఎవరూ రాలేదు సార్."

"ఓపీలో రోజంతా కూర్చుంటావు. నోళ్ళు తెరుచుకుని వస్తూనే ఉన్నారు. చేతకాకపోతే వచ్చే ఏడు రాసుకో."

మర్నాడు చెంగమ్మ వచ్చింది. చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో చేపలమ్ముతుంది. కింది దవడ పన్ను పుచ్చి చెంప వాచింది. దాని ముందున్న రెండు పళ్ళు మచ్చ లేకుండా గట్టిగా ఉన్నాయి. సింధూరి వాటినే చాలాసేపు చూసింది.

"ఈ రెండూ లోపల చెడిపోయినాయి పెద్దమ్మా. తీసేయాల."

"ఆడ నొప్పే లేదే మా?"

"రేపు వస్తాది."

"సరే. మన తెలుగుబిడ్డవి, నువ్వు అబద్ధం చెప్తావా?"

పుచ్చుపన్ను తేలిగ్గానే వచ్చింది. ఆ రెండూ ఓ పట్టాన రాలేదు. మత్తు ఇచ్చినా చెంగమ్మ కుర్చీలో మెలికలు తిరిగింది. కన్నీళ్ళతోనే దణ్ణం పెట్టి పోయింది. సింధూరి ఆ రెండు పళ్ళూ కడిగి సీసాలో వేసి మూత బిగించింది.

యంత్రం మీద ఒక పన్ను మంచి లెక్కే ఇచ్చింది. రెండోదానికి జిగురు ఊడలేదు. టప్పున పన్నే చీలింది.

"పన్ను విరిగితే ఆ లెక్క చెల్లదు. పారేసి ఇంకోటి చూడు," అన్నాడు కోదండరాం.

రెండు రోజులకు చెంగమ్మ మళ్ళీ వచ్చింది. తెలిసిపోయిందనుకుంది సింధూరి. చెంగమ్మ మాత్రం నవ్వుతూ పద్నాలుగేళ్ళ కూతురు మంగళను ముందుకు తోసింది.

"వాపు పోయింది మా. నీ చెయ్యి మంచిది. నా మాదిరి కాకముందే దీని నోరూ చూడు."

మంగళ పళ్ళలో ఏ లోపమూ లేదు. ఆ మాటే చెప్పి పంపేద్దామనుకుంది సింధూరి. ఇంతలో కోదండరాం వెనక వచ్చి నిలబడ్డాడు. వంగి పిల్ల నోట్లోకి చూసి, సింధూరి భుజం తట్టి వెళ్ళాడు.

"ఒకటి పుచ్చింది," అంది సింధూరి.

పిల్ల ఏడుపు లంకించుకుంది. చెంగమ్మ దాని తల కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"ఓర్చుకో మే. అక్క నీ మంచికే చేస్తా ఉంది."