బందరు కాలవ రికార్డు

మద్రాసు నుంచి రికార్డుల పెట్టె దిగిందని తెలిసి పటమటలో సగంమంది బాలశౌరి ఇంటికి వచ్చిపోయారు. డెబ్బై నాలుగో సంవత్సరం వేసవి అది. బెజవాడ వాళ్లు జాజ్ వాయించి ఎల్పీ రికార్డు తేవడమన్నది అప్పటిదాకా ఆ వీధిలో ఎవరూ ఎరగరు. బాలశౌరి పెళ్లి బ్యాండులో సాక్సఫోన్ ఊదేవాడు. జక్కయ్య అదే బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. పియానో బాలశౌరి భార్య తెరేసమ్మది. రికార్డుకు 'బందరు కాలవ' అని పేరు పెట్టింది ఆమే. అందులో వరసలన్నీ ఆమె కట్టినవే.

కాన్వెంటు సిస్టర్ల దగ్గర పియానో నేర్చుకున్న తెరేసమ్మకు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో అమెరికా జాజ్ రికార్డులు విన్నాక చేతులు ఊరుకోలేదు. ఒక వరస పట్టుకుని, మనసుకు తోచిన దారినల్లా తిరిగి, మళ్లీ వచ్చి దాన్నే కలుసుకోవడంలో ఉన్న సంబరం ఆమెకు ఇంకెందులోనూ కనిపించలేదు.

ఆమె తండ్రి శౌరయ్యకు అదే గిట్టలేదు. ఆయన చర్చిలో హార్మోనియం వాయిస్తూ అందరికీ పాటలు నేర్పేవాడు.

"దేవుడి పాటలు వాయించిన చేతులతో క్లబ్బు పాటలా? ఇక నా గడప తొక్కకు," అన్నాడు. అప్పట్నించి మాట్లాడడం మానేశాడు. వీధిలో కూతురు ఎదురుపడితే గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

రికార్డు విడుదల చేసే సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. రికార్డుల దుకాణం రామకోటేశ్వరరావు గారు నాలుగు మాటలు మాట్లాడి, రికార్డు మీద ముల్లు పెట్టారు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, తన పియానో తానే వింటుంటే తెరేసమ్మకు ఒళ్లు జలదరించింది. అనుకోకుండా వెనక్కి తిరిగి చూసింది. ఆఖరి వరసలో శౌరయ్య!

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. రికార్డులో సాక్సఫోన్ మూలుగుతూ మూలుగుతూ ఆగిపోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఉక్కపోతకు జనం లేవడం మొదలుపెట్టారు.

"అయిపోయిందిలే, పదండి," అన్నారెవరో నవ్వుతూ.

బాలశౌరి మొహం పాలిపోయింది. "కాసేపు ఆగుదాం. కరెంటు వస్తుందిలే," అన్నాడు.

"వాయించడానికి నాకు కరెంటెందుకండీ?" అంది తెరేసమ్మ.

కొంగు బిగించి, మూలనున్న పాత పియానో మీది దుప్పటి లాగేసింది. రికార్డు ఎక్కడ తెగిందో అక్కడే అందుకుంది. రెండు మెట్లు పలకలేదు. వాటిని తప్పించుకుంటూ వెళ్లింది. బాలశౌరి సాక్సఫోన్ తగిలించుకుని పరుగున వచ్చాడు. జక్కయ్య రికార్డులొచ్చిన చెక్కపెట్టె బోర్లించి దరువు వేయసాగాడు. వెళ్లబోయినవాళ్లు నిలబడిపోయారు. రోడ్డు మీది రిక్షావాళ్లు కిటికీల దగ్గర గుమిగూడారు.

వాయిస్తూ వాయిస్తూ ఆమె చేతులు వాటంతటవే ఒక పాట అందుకున్నాయి. గుణదల మాత పండక్కి తండ్రి కట్టిన పాట అది. ఆ వరస తీసుకుని ఆమె ఎటెటో వెళ్లింది. సాక్సఫోన్ వెంటాడింది. ఇక దొరకదనుకున్న చోట మళ్లీ ఆ పాటలోకే వచ్చి దిగింది. హాలంతా ఈలలు.

అంతలో కరెంటు వచ్చింది. రికార్డు దానంతటదే తిరగడం మొదలుపెట్టి, రెండు పాటలూ కలగాపులగమయ్యాయి.

"ఆపండి!" అని వెనక నుంచి కేక. అది శౌరయ్య గొంతు. తెరేసమ్మ చేతులు బిగుసుకుపోయాయి.

"రికార్డు ఆపమంటున్నానయ్యా! మా అమ్మాయిని వాయించనివ్వండి!"

రామకోటేశ్వరరావు గారు గబుక్కున ముల్లు ఎత్తేశారు. శౌరయ్య జనాన్ని తోసుకుంటూ పియానో దగ్గరికి వచ్చాడు.

"ఆ పాట నాది కదటే?"

"నీదే, నాన్నా."

"దాంట్లో ఇన్ని దారులున్నాయని నాకే తెలియదు. మళ్లీ వాయించు."

తెరేసమ్మ కళ్లు తుడుచుకుని, ఈసారి ఎడమచేత్తో మొదలుపెట్టింది. శౌరయ్య కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. ఇంకో పాట, ఇంకో పాట అని జనం అడుగుతూనే ఉన్నారు. ఖాళీ పెట్టె మీద జక్కయ్య దరువు ఆగలేదు. అందులో వచ్చిన రికార్డులన్నీ అప్పటికే అమ్ముడై జనం చేతుల్లో ఉన్నాయి.