మంచం పక్కన పచ్చలైటు

మంచం పక్కన పచ్చగా వెలుగుతున్నది పెద్దమ్మ గుండెను కనిపెట్టుకుని ఉండే పెట్టె కాదు, దోమల మందు మిషన్.

ఇవాంజెలిన్ వంగి మళ్లీ చూసింది. పెట్టె ఉండాల్సిన స్టూలు ఖాళీగా ఉంది.

ఆమె టెక్కలిలో నర్సు. పొద్దున్న విశాఖలోని గుండె ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. పది నెలల క్రితం పెద్దమ్మ జీవరత్నమ్మ ఛాతీలో మిషన్ అమర్చింది వాళ్లే. గుండె ప్రమాదకరంగా లయ తప్పితే అది లోపలే షాక్ ఇచ్చి దారిలో పెడుతుంది. దాని సంగతులు మంచం పక్కనున్న పెట్టె రోజూ విశాఖకు పంపుతుంది. ఆ పెట్టె పద్నాలుగు రోజులుగా మూగబోయింది. చివరగా పంపిన కబురు మంచిది కాదు. మిషన్ నుంచి గుండెకు వెళ్లే తీగ చిట్లినట్టుంది.

"మూడుసార్లు ఫోన్ చేశాం, రమ్మన్నాం. లైటు వెలుగుతోంది, అంతా బాగుంది అంటున్నారాయన" అన్నారు వాళ్లు.

ఆయనంటే జెకర్యా, పెద్దమ్మ భర్త. ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి.

ఇవాంజెలిన్ సెలవు పెట్టి, పలాసలో బస్సు దిగి, ఆటోలో అక్కుపల్లి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. వీధిలో చేపల వలలు ఆరుతున్నాయి. గాలి లేదు.

"ఏటే అలా సూత్తన్నావు?" మంచం మీద నుంచి నవ్వింది జీవరత్నమ్మ. "మీ పెదనాన్న ప్రార్థనైనా మర్సిపోతాడు గాని ఆ లైటు సూడ్డం మర్సిపోడు."

"నువ్వు చూశావా పెద్దమ్మా?"

"నా కళ్లకి పచ్చ సుక్క ఒకటి కనిపిత్తాది, అంతే."

"షాక్ గాని కొట్టిందా?"

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. "ఒక్కసారి. రెండు వారాలైంది. గొడ్డు తన్నినట్టయింది. ఎవులికీ సెప్పొద్దన్నాడు."

గుమ్మంలో నీడ పడింది. రెండు కొబ్బరిబొండాలతో జెకర్యా.

"ఓలమ్మా, ఇవాంజెలినా! కబురు నేకుండా వచ్చీసినావేటి?"

"పెట్టె ఏదీ పెదనాన్నా?"

"అదుగో, లైటు ఎలగతంది కదా."

"అది దోమల మందు."

జెకర్యా రెప్ప వేయలేదు. ఒక చెయ్యి మాత్రం మెల్లగా చొక్కా జేబు మీదికి వెళ్లింది. "తుడిసినప్పుడు ఎక్కడో పెట్టీసుంటాను. రేపు ఎతుకుదాం. ముందు బొండం తాగు."

అతని మాట పూర్తి కాలేదు. జీవరత్నమ్మ కెవ్వుమంది. లోపలి నుంచి ఎవరో గుద్దినట్టు ఆమె ఒళ్లు మంచం మీద ఎగిరిపడింది.

బొండాలు నేల మీద దొర్లాయి. "ఎలా కొట్టింది?" అని అరిచాడు జెకర్యా. "సప్లై నేదు కదా!"

ఇవాంజెలిన్ అతని వైపు తిరిగింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఏ సప్లై లేదు పెదనాన్నా?"

అతని చెయ్యి మళ్లీ చొక్కా జేబు మీదికి వెళ్లింది. ఆమె పెద్దమ్మ నాడి పట్టుకునే నూట ఎనిమిదికి చెప్పింది. అంబులెన్సు పలాస నుంచి రావడానికి అరగంట. తర్వాత విశాఖకు చేసి స్పీకరు పెట్టింది. డాక్టరు గొంతు గబగబా వినిపించింది.

"తీగ చిట్లి ఉత్తినే కొట్టిందా, గుండె నిజంగా లయ తప్పిందా, తేల్చేది ఆ పెట్టే. ఉత్తిదైతే పలాసలో ఛాతీ మీద అయస్కాంతం పెట్టించి షాకులు ఆపిస్తాం. నిజమైనదైతే అయస్కాంతం ప్రాణం తీస్తుంది. వెంటనే పెట్టె ఆన్ చేయండి. ఈ షాకులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి."

"ఇంకోటి వత్తాదేటే?" జీవరత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"పెదనాన్నా, ఎక్కడుంది పెట్టె?"

జెకర్యా గోడకు జారగిలబడి కింద కూర్చున్నాడు. జేబులోంచి ఒక నల్లటి ప్లగ్గు తీశాడు. దాని తీగ చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"నానే తీసీసినానమ్మా. ఆ రోజు మీ పెద్దమ్మకి షాకు కొట్టినప్పుడు పెట్టె మీద లైటు టపటపా కొట్టుకుంటంది. ఇశాపట్నంలో ఎవులో స్విచ్చి ఏత్తన్నారు, ఆ కరెంటు ఈ పెట్టెలోంచి దాని గుండెకి వత్తంది అనుకున్నాను. ముప్పై ఏళ్లు లైను మీద సేసినోణ్ణి. తీగ మీద మనిషున్నప్పుడు కింద ఫ్యూజు పీకి జేబులో ఏసుకోవాల. ఎవులడిగినా ఇవ్వకూడదు. అలాగే సేసి ఒక్కణ్ణీ సావనివ్వనేదు నాను. దీన్నీ అలాగే కాపాడతన్నాననుకున్నాను. ఆస్పత్రోళ్లు రమ్మంటే, మళ్లీ దీనికి తగిలించీత్తారని అబద్ధం సెప్పీసినాను. పెట్టె అరుగు మీద జీడిపిక్కల బస్తాలో ఉంది. ఇదిగో ప్లగ్గు. నువ్వే పెట్టమ్మా, తొందరగా పెట్టు... నాకు సేతులు ఆడ్డం నేదు."