చక్రం ఆయనది, షాఫ్టు ఆమెది

పళ్ళ డాక్టరు బండికే పళ్ళు ఊడాయని పేటంతా నవ్వుకుంది. డాక్టరుకి మాత్రం నవ్వు రాలేదు. అది ఆయన మామగారు వాడిన పాతకాలపు కారు. ఆయన ఆస్పత్రేమో కొండ మీద ఉంది. రోజూ ఎక్కాలి, దిగాలి. ఒకనాడు సగం కొండ ఎక్కాక వెనక ఇరుసులో ఫెళఫెళమని చప్పుడై, లోపలి పెద్ద పళ్ళచక్రానికి ఆరు పళ్ళు విరిగిపోయాయి. కొత్తది దొరుకుతుందన్న ఆశ లేదు, ఆ కారు తయారుచేసిన కంపెనీ మూతపడే చాలా ఏళ్ళయింది. పాత ఇనుప కొట్లు గాలించి అలాంటి ఇరుసే తెచ్చి బిగించాలి. ఆ పని చేతనైనవాడు చుట్టుపక్కల ఒక్క మేస్త్రే.

ఇరుసు దొరకడం ఒక ఎత్తు, దాని రేషియో తెలుసుకోవడం ఒక ఎత్తు. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందో అదే రేషియో. అంకె పెద్దదైతే బండి నిదానంగా పోతుంది గాని కొండ ఎక్కుతుంది. చిన్నదైతే చదును రోడ్డు మీద పరుగెడుతుంది, ఎత్తు కనిపిస్తే చతికిలబడుతుంది. పైకి చూస్తే అన్ని ఇరుసులూ ఒక్కలాగే ఉంటాయి. నంబరు కొట్టిన రేకు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఇనుప కొట్టువాడు కొనకముందు విప్పనివ్వడు. ఇక మిగిలింది తిప్పి లెక్కపెట్టడమే.

ఆ లెక్కకి మేస్త్రి పద్ధతి ఒకటుంది. ఇరుసుని దిమ్మల మీద పెట్టి, చక్రం బిగించే డ్రమ్ముని ఒకవైపు కదలకుండా తాడుతో కట్టేస్తాడు. రెండోవైపు డ్రమ్ము మీదా, షాఫ్టు మూతి మీదా సుద్దగీతలు గీసి, డ్రమ్ముని చేత్తో ఇరవై చుట్లు తిప్పుతాడు. ఒకవైపు కట్టేస్తే రెండోవైపు రెట్టింపు తిరుగుతుంది కాబట్టి ఇరవై అంటే పది కిందే లెక్క. ఆ పదికి మధ్యలో ఉన్న షాఫ్టు మూతి ఎన్నిసార్లు తిరిగిందో ఇంకొకరు చూడాలి. అది చూసేది ఆయన భార్య. చక్రం ఆయనది, షాఫ్టు ఆమెది. పెళ్ళయిన కొత్తలో చేసుకున్న పంపకం అది, ముప్పై ఎనిమిదేళ్ళయినా మారలేదు. పైకి లెక్కపెడితే ఒకరి అంకె ఇంకొకరికి అంటుకుంటుందని ఇద్దరూ మనసులోనే లెక్కపెట్టుకునేవారు. ఆయన "అయింది" అనగానే ఆమె అంకె చెప్పేది. ఆ అంకెని ఆయన ఎన్నడూ రెండోసారి సరిచూసుకోలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య ఇంతకు మించిన నమ్మకాలు ఎన్ని ఉంటాయో నాకైతే తెలియదు.

ఆ మధ్య కూతురు వచ్చినప్పుడు తండ్రిని పక్కకి పిలిచి ఒక మాట చెప్పింది. అమ్మ ఫోన్లో ఒకే కబురు మూడుసార్లు చెబుతోందనీ, మొన్న తన ఇంటికి వస్తూ దారి తప్పి తను ఎప్పుడో ఖాళీ చేసిన పాత ఇంటి గుమ్మం ముందు నిలబడిందనీ, ఒకసారి డాక్టరుకి చూపించమనీ. మేస్త్రికి కోపం వచ్చింది. మతిమరుపు మనిషి నలభై ఐదున్నర చుట్లు తేడా లేకుండా ఎలా లెక్కపెడుతుందని ఎదురడిగాడు. గోరంతలు కొండంతలు చెయ్యొద్దని గద్దించాడు. అయినా ఆ రోజు నుంచి భార్యని షెడ్డుకి మరింత తరచుగా పిలవసాగాడు. ఆమె అంకె చెప్పిన ప్రతిసారీ ఆయన గుండె మీంచి ఒక రాయి తీసినట్టుండేది.

డాక్టరు బండికి ఇరుసు ఇనుప కొట్టు బావ దగ్గర దొరికింది. వరసకి బావ కాదు, అలవాటుకి బావ. అతను మొహమాటం లేకుండా చెప్పాడు, ఇది చదును రోడ్ల మీద తిరిగిన బండిది, కొండకి పనికిరాదు, తర్వాత నన్నని లాభం లేదని. లెక్క చూసుకుని డబ్బిస్తానని మేస్త్రి దాన్ని షెడ్డుకి తెచ్చి కట్టి తిప్పాడు. తిప్పుతుంటే చేతికి కొంచెం తేలిగ్గానే అనిపించింది. "అయింది" అన్నాడు. స్టూలు మీద కూర్చున్న భార్య కొంగుతో మొహం తుడుచుకుని, "నలభై ఐదున్నర" అంది. డాక్టరు బండికి కావలసింది సరిగ్గా అదే. చెయ్యి చెప్పినదాన్ని పక్కనపెట్టి, మేస్త్రి ఆమె మాటే నమ్మాడు. బావకి ఫోను చేసి, ముప్పై ఏళ్ళుగా ఇనుము అమ్ముతున్నావే గాని నీకు ఇనుము తెలియదని నాలుగు మాటలు కూడా అంటించాడు.

బండి బిగించి ఇచ్చిన మూడో రోజే డాక్టరు వెనక్కి తెచ్చాడు. కొండ మొదట్లోనే మూలుగుతోందట, మలుపు దగ్గర ఆగిపోతోందట. మేస్త్రి పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కార్బురేటరు విప్పాడు, క్లచ్చి మార్చాడు, పెట్రోలు మంచిది కాదన్నాడు. రెండు రోజులు అన్నిటినీ అనుమానించి, ఇక అనుమానించడానికి ఏమీ మిగలక, భార్య మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు ఇరుసు విప్పాడు. నూనె తుడిచి, ఒక్కో పంటి మీదా సుద్ద పెడుతూ లెక్కపెట్టాడు. పెద్ద పళ్ళచక్రానికి నలభై మూడు, దాన్ని తిప్పే చిన్నదానికి పదకొండు. పది చుట్లకి ముప్పై తొమ్మిది రావాలి.

అర చుట్టు తప్పితే కన్ను చెదిరిందనుకోవచ్చు. ఆరు చుట్లు తప్పితే అలా అనుకోలేం. మేస్త్రి ఈ మధ్య లెక్కపెట్టిన ఇరుసులు ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాడు. పాల వ్యాను, స్కూలు ప్రిన్సిపాలు కారు, ఆ తర్వాత ఇంకొకటి. అన్నిటికీ ఆమె చెప్పింది ఒకటే అంకె. చదును రోడ్ల బండ్లు కాబట్టి ఎవరూ తిరిగి రాలేదు. పెళ్ళయిన ఏడాది వాళ్ళిద్దరూ కలిసి మొట్టమొదట లెక్కపెట్టిన ఇరుసుకి వచ్చింది కూడా నలభై ఐదున్నరే. ఆ రోజు ఆమె సంతోషం పట్టలేక చేతికి అంటిన సుద్ద ఆయన మొహానికి పూసింది. ఆయన ఏడ్చాడు. నూనె చేతులతో కళ్ళు తుడుచుకోవడం కుదరక అలాగే ఏడ్చాడు.

సాయంత్రం డాక్టరు వచ్చి ఏం తేలిందని అడిగాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. మేస్త్రి తల వంచుకుని, తప్పు తనదేననీ, డ్రమ్ముకి కట్టిన తాడు జారిందనీ, అందుకే లెక్క చెడిందనీ చెప్పాడు. వేరే ఇరుసు తెచ్చి ఊరికే బిగించి ఇస్తానన్నాడు. డాక్టరు మంచివాడు, సరేనని వెళ్ళిపోయాడు. గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి ఆమె అంతా వింది.

"మీరు కట్టిన తాడు ఎప్పుడూ జారదు," అంది.

ఆయన కింద పడున్న తాడు తీసి చుట్టసాగాడు.

"నేను లెక్కపెట్టలేదు. వానలు మొదలైన దగ్గర్నుంచీ అంతే. ఇరవై దాటితే అన్నీ కలిసిపోతున్నాయి. తెలిసిన అంకె ఒకటుంటే అదే చెబుతున్నాను."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెబితే నన్ను పిలవడం మానేస్తారు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే అన్నీ ఇంకా తొందరగా పోతాయేమోనని భయం."

ఇన్నేళ్ళలో ఆయన ఆమెని ఎన్నిసార్లు కసిరాడో, ఎన్నిసార్లు అలిగాడో. ఆ పూట గ్లాసు తీసుకుని పక్కన పెట్టి, ఆమె రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చేతులకి నూనె అంటిందని కూడా ఆమె అనలేదు.

మర్నాడు బావ దగ్గరికి వెళ్ళి నువ్వే నెగ్గావని ఒప్పుకున్నాడు. బావ ఎగతాళి మొదలుపెట్టబోయి, ఆయన మొహం చూసి మానుకుని, గోదాము వెనక నుంచి ఇంకో ఇరుసు తీసి ఇచ్చాడు. ఆ ఇరుసు దగ్గరే పాత పంపకం మారింది. ఇప్పుడు పైకే లెక్కపెట్టారు. ఇరవై దాకా షాఫ్టు ఆమెది, ఆ తర్వాత అది కూడా ఆయనదే. తన చక్రం చుట్లు మరిచిపోకుండా చుట్టుకొక నట్టు చొప్పున డబ్బాలో వేసుకున్నాడు. డాక్టరు బండి కొండ ఎక్కింది.

కూతురు దగ్గరుండి అమ్మని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు జబ్బు పేరు చెప్పి, మాత్రలు రాసి, పోయింది తిరిగిరాదు, ఉన్నది కొంచెం ఆలస్యంగా పోతుంది అన్నాడు. మేస్త్రి కూతురికి క్షమాపణ చెప్పుకోబోతే, ఆ పిల్ల నాన్న నోరు చేత్తో మూసేసింది.

విప్పిన ఆ తప్పుడు ఇరుసుని మేస్త్రి బావకి తిరిగి ఇవ్వలేదు. మళ్ళీ బిగించి షెడ్డు మధ్యలో దిమ్మల మీద పెట్టాడు. రోజూ పొద్దున్నే ఒకవైపు కట్టి, భార్యని కూర్చోబెట్టి తిప్పేవాడు. తెలిసిన లెక్కని మళ్ళీ మళ్ళీ పెట్టడమేమిటని పనికి వచ్చినవాళ్ళు వింతగా చూసేవారు. పనీపాటా లేక అని ఆయనే నవ్వేసేవాడు. కొన్నాళ్ళు ఆమె ఇరవై దాకా వచ్చింది. ఎండలు ముదిరేసరికి పదమూడు. ఆ తర్వాత ఒక నెలంతా ఏడు దగ్గర ఆగింది. ఆమె ఎక్కడ ఆగితే అక్కడి నుంచి ఆయన అందుకుని ముప్పై తొమ్మిదికి చేర్చేవాడు. ముప్పై తొమ్మిది అనగానే ఆమె తనే గెలిచినట్టు చప్పట్లు కొట్టేది.

ఒక రోజు ఆయన ఎప్పటిలాగే డ్రమ్ము మీద చెయ్యి వేసి తిప్పాడు. షాఫ్టు మూతి మీద గీత పైకి రాగానే ఆమె "ఒకటి" అంది. గీత కిందకి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. ఆయన డ్రమ్ముని అక్కడే ఆపి పట్టుకున్నాడు. ఆమె ఆ గీతని శ్రద్ధగా చూసి, తల తిప్పి ఆయన వైపు చూసింది. కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పటి మర్యాదతో మెల్లగా అడిగింది.

"ఇప్పుడు ఏమనాలండీ?"

"రెండు అనాలి," అన్నాడాయన.